చెయ్యెత్తితే ఆగాలి

ఇది రాయడానికి కూర్చుని గంటయింది. ఈ గంటలో నాలుగుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్లకి, ఒకసారి కిటికీ మూయడానికి, ఒకసారి మూసిన కిటికీ తీయడానికి, నాలుగోసారి ఎందుకో నాకే తెలీదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. నలభై రెండేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. అలాంటివాణ్ణి ఆరు నెలలు కూర్చోబెట్టిన జబ్బు గురించి రాయమని మా రన్నింగ్ గ్రూపులో వాళ్లు అడిగారు. డాక్టర్ల పుస్తకాల్లో ఉండేవి నాకు తెలీవు. నాకేమనిపించిందో అదే రాస్తాను. ఇది చదివి ఒక్కడైనా జ్వరంతో బూట్లు తొడుక్కోవడం మానేస్తే చాలు.

నేను ఆటోనగర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో పనిచేస్తాను. ఇసుకతో అచ్చులు చేసి, వాటిలో కరిగిన ఇనుము పోస్తాం. మాది ఆనందపురం అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్లయినప్పటి నుంచీ కంచరపాలెంలో ఉంటున్నాం. నా భార్య గౌరి ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. కూతురు హిమజ తొమ్మిదో తరగతి. ఇక నాకు పరుగు పిచ్చి అంటించిన మహానుభావుడు మస్తాన్. వన్‌టౌన్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు వాడిది. కొట్టులో రోజంతా కూర్చుని కూర్చుని పొట్ట పెరిగిందని బీచ్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాడు, తోడుకి నన్ను లాక్కెళ్లాడు. వాడి పొట్ట తగ్గలేదు గానీ నాకు మాత్రం ఆ రోడ్డు వదల్లేదు.

మూడేళ్లలో ఐదు కిలోమీటర్ల నుంచి ఇరవై ఒకటి దాకా వచ్చాం. ఆ తర్వాత ముంబైలో జనవరిలో జరిగే పెద్ద మారథాన్‌కి ఇద్దరం పేర్లిచ్చాం. నలభై రెండు కిలోమీటర్లు. వంటింటి క్యాలెండర్ వెనక మూడు లక్ష్యాలు రాశాను. నాలుగు గంటల్లో పూర్తి చేస్తే పండగ. నాలుగున్నరైతే పరవాలేదు. ఐదు దాటితే ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. పూర్తి చేయలేకపోతే ఏమిటన్నది రాయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని, అలాంటి గీత ఒకటి ఉండాలని నాకు తట్టనేలేదు.

నవంబరు

ట్రైనింగ్‌లో అన్నింటికన్నా పెద్ద పరుగు ముప్పై రెండు కిలోమీటర్లు. అది ఆదివారానికి పెట్టుకున్నాం. బుధవారం నాకు జ్వరం తగిలింది. ఒళ్లు నొప్పులు, గొంతు మంట, ఊళ్లో సగం మందికి ఉన్నదే. గౌరి మాత్ర ఇచ్చి పడుకోమంది. శుక్రవారం మా ఫౌండ్రీలో పోత.

పోత రోజు గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజు ఇనుము కరిగించి అచ్చుల్లో పోస్తాం కాబట్టి ఎవరూ సెలవు పెట్టరు. పెట్టకపోవడానికి మాకో వైద్యం కూడా ఉంది. జ్వరమొచ్చినవాడు పోత దగ్గర నిలబడితే గంటలో చెమటై దిగిపోతుందని మా వాళ్ల నమ్మకం. నేను చేరినప్పటి నుంచీ చూస్తున్నాను, జ్వరమొచ్చినవాణ్ణి ఎవరూ ఇంటికి పంపరు, కొలిమికి ఇంకో అడుగు దగ్గరగా నిలబెడతారు.

"జొరమా? ఇటు రా నాయుడూ, నా పక్కన నిలబడు," అన్నాడు సూరయ్య మేస్త్రి. "ముప్పయ్యేళ్ల నుండి నానింకో మందేసుకోనేదు."

నిలబడ్డాను. చొక్కా పిండితే నీళ్లు కారేటంత చెమట పట్టింది. సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది. పొద్దున వేసుకున్న మాత్ర పనిచేసిందని నాకు తట్టలేదు, ఘనతంతా కొలిమికిచ్చేశాను. చెమటకే జ్వరం పోతే ముప్పై రెండు కిలోమీటర్ల చెమటకి ఆనవాలు కూడా మిగలదు కదా అని లెక్కేసుకున్నాను. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా?

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే లేచాను. గౌరి రాగి పిండితో కాచిన చోడి అంబలి గ్లాసు అందిస్తూ నా మొహంలోకి చూసింది.

"జొరం తగ్గిందా నేదా మావా?"

"తగ్గిపోయింది."

"నన్ను సూసి సెప్పు."

నేను బూటు లేసు చూస్తూ చెప్పాను. అంబలి సగం తాగి, ఆనందపురం వెళ్లే బస్సెక్కాను. అక్కడ జంక్షన్‌లో మొదలుపెట్టి సిటీలోకి వచ్చి, బీచ్ రోడ్డు మీద చక్కర్లు కొట్టి ముప్పై రెండు పూర్తి చేయాలన్నది మా ప్లాను. జంక్షన్‌లో మస్తాన్ చెయ్యి కలిపి, కలిపిన చెయ్యి వదల్లేదు.

"ఏటి బావా, సెయ్యి కాలిపోతంది."

"నాది ఫౌండ్రీ ఒళ్లు, ఎప్పుడూ ఇంతే. పద, బేగి పద."

వాడు ఇంకో క్షణం పట్టుకుని వదిలేశాడు. పరుగు మొదలైంది.

పదిహేను దాకా బాగానే ఉంది. ఇరవై దగ్గర గుండెల మీద ఎవరో చెయ్యి ఆనించినట్టనిపించింది. నొక్కలేదు, ఆనించారంతే. ఇరవై నాలుగు దగ్గర ఆ చెయ్యి బరువెక్కింది. మస్తాన్ ముందున్నాడు. పిలవాలనిపించింది గానీ పిలిస్తే ఆగాలి, ఆగితే ప్లానులో ఆ వారం ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీకి భయపడ్డాను గానీ గుండెకి భయపడలేదు. జాలరిపేట దాటుతుండగా రోడ్డు పక్కన చేపల గంపలు కనిపించాయి, తర్వాత అవి పక్కకి ఒరిగాయి. ఒరిగింది నేనని కింద పడ్డాక తెలిసింది.

"ఓలమ్మో, ఈ బాబుకేటో అయిపోతంది! ఆటో ఆపండే, బేగి ఆపండి!"

చేపలమ్మే ఒకామె నన్ను తన ఐసు పెట్టెకి ఆనించి కూర్చోబెట్టింది. చేపల మీది ఐసు తీసి, చీర కొంగులో చుట్టి నా మెడ మీద పెట్టింది. ముందుకెళ్లిపోయిన మస్తాన్ వెనక్కి చూసి పరిగెత్తుకొచ్చేసరికి ఆమె నన్ను ఆటోలోకి ఎక్కించేసింది. బేరానికొచ్చిన వాళ్లనీ గంపనీ అలాగే వదిలేసి, మస్తాన్‌తో పాటు తనూ ఎక్కి, ఆసుపత్రి గేటు దాకా నా తల పట్టుకుని కూర్చుంది. ఆమె పేరు మేం అడగలేదు. తర్వాత రెండుసార్లు జాలరిపేట వెళ్లి వెతికాను, దొరకలేదు. అమ్మా, ఇది ఎవరైనా నీకు చదివి వినిపిస్తే, నేను బతికే ఉన్నాను.

గౌరి వచ్చాక అన్న మొదటి మాట, "ఈ సేపల వాసనేటి?"

డిసెంబరు, జనవరి

వైరస్ జ్వరం గుండె కండరానికి పాకి, అది వాచిందని చెప్పారు. విశ్రాంతిగా ఉండాల్సిన గుండెని రెండు డజన్ల కిలోమీటర్లు కొరడా పెట్టి తోలానన్నమాట. ఐసీయూలో ఐదు రోజులు, వార్డులో ఎనిమిది. పక్క మంచం పెద్దాయన రాత్రీపగలూ తేడా లేకుండా "ఇంటికెప్పుడు?" అని అడిగేవాడు. నాలుగో రోజుకి నేనూ అదే అడుగుతున్నాను.

నేను లోపలుంటే గౌరి బయట ఇనప కుర్చీల్లో కూర్చుంది. ఆ సంగతులు తర్వాత హిమజ చెప్పింది. కుర్చీల వరసకి ఒక చివర వాళ్లమ్మ, ఇంకో చివర మస్తాన్. ఒక పూటంతా అలాగే కూర్చున్నారట. మధ్యలో ఎవరో ముసలమ్మ చెరో అరటిపండు చేతిలో పెట్టి, తినకపోతే ఊరుకోనని తినేదాకా నిలబడిందట. జంక్షన్‌లో నా చెయ్యి కాలిన సంగతి మస్తాన్ డాక్టరుకి చెబుతుంటే గౌరి అంతకుముందే విందట, పండు తిన్నాక లేచి వాడి దగ్గరకెళ్లింది.

"సెయ్యి కాలిపోతందని తెలిసింది గదా అన్నయ్యా. మరెందుకు ఇడిసిపెట్టేసినావు?"

మస్తాన్ తల దించుకుని ఏడ్చాడట. చిన్న మాటే గానీ అది వాడి మీద చాలాకాలం ఉండిపోయింది. నిజానికి ఆ మాట నన్ను అడగాలి. నేను లోపల ట్యూబులతో ఉన్నాను కాబట్టి వాడికి తగిలింది.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ చెప్పింది: కనీసం ఆరు నెలలు పరుగు లేదు, బరువులు లేవు, మెట్లు నెమ్మదిగా. "గుండె పూర్తిగా మామూలవుతుందా?" అని గౌరి అడిగితే, "చాలామందికి అవుతుంది. కొందరికి అవదు. చూద్దాం," అంది. ఆ "చూద్దాం" అనే మాటతో ఆరు నెలలు కాపురం చేశాను. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది. ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య కొంచెం ఆలస్యమైతే చాలు, నా ప్రాణం పైకే. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. నేను భయపడ్డాను. మగాడివై ఉండి అని ఎవరైనా అంటే అననివ్వండి, చచ్చేంత భయపడ్డాను.

జనవరిలో ముంబై పరుగు రోజు మా గ్రూపులో ఫొటోలు వచ్చాయి. నాకంటే నెమ్మదిగా పరిగెత్తే బ్యాంకు ఉద్యోగి ఒకాయన మెడల్ కొరుకుతూ నవ్వుతున్నాడు. ఫోను మంచం మీదికి విసిరేశాను. వాడి పళ్లు రాలాలని కోరుకున్నాను. తర్వాత సిగ్గుపడి "కంగ్రాట్స్ సార్" అని పెట్టాను. మస్తాన్ ఆ పరుగుకి వెళ్లలేదు. నేను అడిగితే, "నువ్వు నేకుండా ఏటి పరిగెడతాను బావా, పరేషాన్ సెయ్యకు," అన్నాడు. ప్రతి ఆదివారం మేం పరిగెత్తే వేళకి మా ఇంటికొచ్చి, గంటసేపు కూర్చుని, గౌరి ఇచ్చిన టీ తాగి వెళ్లేవాడు. గౌరి టీ ఇచ్చేది, మాట మాత్రం కలిపేది కాదు. మార్చిలో ఒక ఆదివారం "పంచదార సరిపోయిందా అన్నయ్యా?" అంది. వాడు గ్లాసు కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

నా సంగతి అడగొద్దు. ఇంట్లో ఫ్యాన్లన్నీ తుడిచాను. కుట్టు మిషన్‌కి అక్కర్లేని నూనె వేసి, కుడుతున్న పట్టు బ్లౌజు పాడుచేశాను. హిమజ లెక్కలు తప్పని వాదించి, నేనే తప్పని తేలాక అలిగాను. ఒకరోజు గౌరి సూది పక్కన పెట్టి, "గుండె జబ్బు నీకొచ్చింది గానీ నొప్పి మా ఇద్దరికీ వత్తంది," అంది. ఆ రోజు కాసేపు కుదురుగా కూర్చున్నాను.

మే, ఆ తర్వాత

మే నెలలో పరీక్షలన్నీ మళ్లీ చేశారు. డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు తిరగేసి, గుండె మామూలుగా ఉంది, మెల్లగా మొదలుపెట్టొచ్చు అంది. నేను ఎగిరి గంతేయబోయాను. ఆమె వేలు చూపించింది. "ఎక్కడ ఏ మాత్రం బరువనిపించినా అక్కడే ఆగాలి. ఎందుకు అనిపించిందో తర్వాత చూసుకుందాం. ముందు ఆగాలి."

"ఈ మనిసి ఆగడు డాట్రుగారూ," అంది గౌరి.

డాక్టరమ్మ నవ్వింది. గౌరి నవ్వలేదు. బయట ఆటో ఎక్కాక నాకో షరతు పెట్టింది.

"పరిగెట్టు. వద్దనను. వద్దంటే దొంగతనంగా ఎల్తావు. గానీ ముందు ఆగడం నేర్సుకో. అది నాను నేర్పుతాను."

నేను నవ్వాను. ఆగడం కూడా నేర్చుకునే విద్యా? విద్యేనని తర్వాతి ఐదు నెలలు చూపించింది. వారానికి మూడు పొద్దులు బీచ్ రోడ్డుకి నాతో వచ్చి, ఒక బల్ల మీద చేతికుట్టు పని పెట్టుకుని కూర్చునేది. నేను ఆమె ముందు నుంచి అటూ ఇటూ పరిగెత్తాలి. ఆమె ఎప్పుడు చెయ్యెత్తితే అప్పుడు ఆగాలి. ఎందుకని అడగకూడదు. ఊపు అందుకున్న క్షణంలో ఎత్తేది. ఎవరినో దాటబోతుంటే ఎత్తేది. ఒక్కోరోజు అసలు ఎత్తేది కాదు, ఎత్తుతుందేమోనని చూసి చూసి నా మెడ పట్టేసేది. వాకింగ్‌కొచ్చే పెద్దవాళ్లు మమ్మల్ని చూసి, పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడనుకున్నారు.

నేను ఆగేవాణ్ణి, కానీ చెయ్యి చూశాక ఇంకో పది అడుగులు వేసి ఆగేవాణ్ణి.

"ఆ పదడుగులు ఎందుకు?"

"ఊపులో పడిపోయాయి."

"ఊపు కాదు. నాను సెప్తే నువ్వు ఆగినట్టుండకూడదు, నీ అంతట నువ్వు ఆగినట్టుండాల. అంతే గదా?"

అదే నిజం. జూలైలో పది అడుగులు ఐదయ్యాయి. సెప్టెంబరుకి రెండు. పూర్తిగా సున్నా ఎప్పుడూ కాలేదు. అక్టోబరులో గౌరి సూదీ దారం సంచిలో పెట్టేసుకుని, "నా సేతనైంది నేర్పినాను. ముంబైలో సెయ్యెత్తడానికి నానుండను," అంది. రమ్మంటే రాలేదు. అక్కడ నిలబడి చూసే గుండె తనకి లేదంది. బదులుగా నా ఫోనులో లొకేషన్ తనకి కనిపించేట్టు హిమజ చేత పెట్టించుకుంది.

ఈసారి క్యాలెండర్ వెనక ఏమీ రాయలేదు. గంటలు మానేశాను, డాక్టరమ్మ చెప్పిన వేగం దాటకుండా చివరి గీత చేరడం ఒక్కటే లక్ష్యం. ఫౌండ్రీలో కూడా ఒకటి మారింది. జ్వరమొచ్చిన కుర్రాణ్ణి సూరయ్య మేస్త్రి కొలిమి దగ్గరకి పిలిస్తే, నేనే వెళ్లి వాణ్ణి బయటికి లాగి ఇంటికి పంపాను. మేస్త్రి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మళ్లీ జనవరి

ముంబైలో చలి లేదు, ఉన్నదంతా జనం. అంత జనం మధ్య పరిగెత్తడం నాకు పండగలా ఉంది. ముక్కూ మొహం తెలీనివాళ్లు మన పేరు చదివి "కమాన్" అని అరుస్తారు, నారింజ తొనలు అందిస్తారు. ఇరవై ఐదు దాకా మస్తాన్ నా పక్కనే ఉన్నాడు. వాడి కాళ్లలో ఇంకా ఊపుందని తెలుస్తోంది. పొమ్మన్నాను. "సెయ్యి ఇవ్వు ముందు," అన్నాడు. పరిగెడుతూనే నా చెయ్యి పట్టుకుని చూసి, మామూలుగా ఉందని నమ్మకం కుదిరాక వెళ్లాడు.

ముప్పై మూడు దాటింది. నేనెప్పుడూ పరిగెత్తనంత దూరం. ఇంకా తొమ్మిది. నడిచినా చేరతాను. ఆ సంతోషంలో ఉండగా గుండె కింద, కొంచెం ఎడమకి, బరువనిపించింది. ఎక్కువేం కాదు. ఎవరో చెయ్యి ఆనించారు.

కాదులే, అనుకున్నాను. తిన్నది అరగలేదు. ఆ చెట్టు దాకా వెళ్లి చూద్దాం. చెట్టు వచ్చింది. నీళ్లిచ్చే బల్ల దాకా చూద్దాం. అప్పుడు తెలిసింది, నేను అవే పది అడుగులు వేస్తున్నానని. పక్కనుంచి మనుషులు వెళ్లిపోతున్నారు, ఎవరూ చెయ్యెత్తడం లేదు. కాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆగాను.

ఆగి పేవ్‌మెంట్ మీద కూర్చున్నాను. కోపంతో బూటు లేసులు విప్పాను, మళ్లీ కట్టాను. లేవాలా వద్దా, ఇది అదేనా కాదా అని నాతో నేను కొట్టుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఒక వాలంటీరు అమ్మాయి వచ్చి భుజం పట్టుకుని వైద్యశిబిరానికి నడిపించింది. ఛాతీకి తీగలు పెట్టి చూశారు. డాక్టరు కుర్రవాడు కాగితం చూసి, గుండె శుభ్రంగా ఉంది, దారిలో సత్తువ కోసం తాగిన తియ్యటి జెల్‌లకి గ్యాస్ పట్టి ఉంటుంది అన్నాడు. అయినా పాత జబ్బు సంగతి విన్నాక ఇవాళ్టికి ఇక్కడితో చాలన్నాడు.

గ్యాస్! ఎనిమిది నెలల ట్రైనింగ్, అందులో ఐదు నెలలు ఆగే ట్రైనింగ్, రెండు రోజుల రైలు ప్రయాణం, చివరికి గ్యాస్. నేను నవ్వలేదు. ఇప్పటికీ నాకు మండుతూనే ఉంది. ఆ తొమ్మిది కిలోమీటర్లు కాళ్లలోనే ఉండిపోయి ఇలా కుర్చీలోంచి లేపుతున్నాయి.

బెల్టులోంచి ఫోను తీశాను. సైలెంట్‌లో ఉంది. ఇంటి నుంచి పందొమ్మిది మిస్డ్ కాల్స్. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. కంచరపాలెంలో ఇద్దరు మనుషులు ఫోను తెరమీద కదిలే ఒక చుక్కని పొద్దుటి నుంచీ చూస్తున్నారు. ఆ చుక్క ముప్పై మూడు దగ్గర ఆగిపోయింది. నేను నా పంతంతో కొట్టుకుంటూ పేవ్‌మెంట్ మీద కూర్చున్నంతసేపూ వాళ్లకి కనిపించింది అదే, కదలని చుక్క.

ఫోను చేశాను. మోగకముందే ఎత్తారు. ఊపిరి మాత్రం వినిపించింది. వెనక నుంచి హిమజ, "నాన్నే అమ్మా, నాన్న ఫోనే, మాటాడు," అంటోంది.

"గౌరీ."

"ఆగినావా, పడిపోయినావా?"

"ఆగాను."

"నువ్వే ఆగినావా? ఎవరైనా ఆపినారా?"

"నేనే ఆగాను."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఐసీయూ బయట కూడా ఏడవని మనిషి ఏడుస్తోందని అర్థమైంది.

"ఇంకోపాలి సెప్పు," అంది.

"ఆగాను గౌరీ. నా అంతట నేనే ఆగాను."

"ఇంకోపాలి."

మళ్లీ చెప్పడానికి ఫోను చెవి దగ్గరే పట్టుకుని శిబిరంలోంచి బయటికొచ్చాను. రోడ్డు మీద జనం ఇంకా పరిగెడుతూనే ఉన్నారు. ఆమె ఫోను పెట్టకుండా నేను చెప్పేదాకా కాచుకుని ఉంది.